ఇష్టం జీతంలో భాగం కాదు

వీడియో గేమ్ కంపెనీలో ఉద్యోగం అనగానే చాలామందికి తోచేది ఒకటే: ఆడుకుంటూ జీతం తీసుకోవడం. పిల్లలు ఫోన్ వదలడం లేదని రోజూ గొడవపడే ఇళ్ళలో ఆ ఉద్యోగమంటే చులకన. ఇంజనీరింగ్ చదువుతున్న కుర్రకారులో ఎందరికో అదొక కల. చులకన చేసేవారికీ కల కనేవారికీ కూడా ఆ ఆఫీసు లోపల ఏం జరుగుతుందో తెలిసింది తక్కువ. ముందుగా ఒక తేడా గుర్తుంచుకోవాలి. డబ్బులు పెట్టి ఆడే రమ్మీ, పోకర్ యాప్‌ల సంస్థలూ తమను గేమింగ్ కంపెనీలుగానే చెప్పుకున్నాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన చట్టం నిషేధించింది ఆ వ్యాపారాన్ని. ఈ వ్యాసం దాని గురించి కాదు. కథలూ పాత్రలూ కొత్త లోకాలూ కల్పించి, ప్లేస్టేషన్ మీదో కంప్యూటర్ మీదో ఫోన్ మీదో ఆడుకునేందుకు అమ్మే పరిశ్రమ గురించి, అందులో పనిచేసే మనుషుల గురించి.

ఆ మనుషుల్లో ఎక్కువమందికి తమ పనంటే నిజంగా ప్రాణం. ఆ ఇష్టమే పరిశ్రమకు బలం కూడా. కానీ గడచిన నాలుగైదు దశాబ్దాల చరిత్ర చూస్తే, ఆ ఇష్టాన్ని కంపెనీలు పదేపదే జీతంలో కలిపి లెక్కగట్టినట్టు కనిపిస్తుంది. నచ్చిన పనే కదా, రాత్రి ఇంకో నాలుగు గంటలు ఉండు. నచ్చిన పనే కదా, తక్కువ జీతానికి సర్దుకో. నచ్చిన పనే కదా, ప్రాజెక్టు అయ్యాక తీసేస్తే అర్థం చేసుకో. ఈ లెక్క తప్పని నా వాదన. అది ఉద్యోగికి అన్యాయం చేస్తుంది. చివరికి గేమ్‌నూ పాడుచేస్తుంది. హైదరాబాద్, బెంగళూరు, పుణె స్టూడియోల వైపు చూస్తున్న మన పిల్లలకు ఈ సంగతి ఉద్యోగంలో చేరాక కాదు, ముందే తెలియాలి.

లోపల జరిగే పని

ఒక పెద్ద గేమ్ తయారుకావడానికి నాలుగైదేళ్ళు పట్టడం మామూలే. వందల మంది, కొన్నిసార్లు వేల మంది దాని మీద పనిచేస్తారు. ఆటగాడు ఎంత ఎత్తు దూకాలి, శత్రువు ఎన్ని దెబ్బలకు పడిపోవాలి, ఎక్కడ కష్టం పెరగాలి అన్నవి డిజైనర్లు తేలుస్తారు. వాటిని యంత్రానికి అర్థమయ్యేలా రాసేది ప్రోగ్రామర్లు. తెర మీద సెకనుకు 60 చిత్రాలు మారాలంటే ఒక్కో చిత్రానికి యంత్రానికి దొరికేది 16.7 మిల్లీసెకన్లే. వెలుగునీడలు, పాత్రల కదలిక, శబ్దం, శత్రువు ఆలోచన, అన్నీ ఆ వ్యవధిలోనే లెక్క తేలాలి. ఆర్టిస్టులు కొండల నుంచి చొక్కా గుండీ దాకా ప్రతి వస్తువునూ తయారుచేస్తారు. యానిమేటర్లు వాటికి నడక నేర్పుతారు. ఇంతమంది పనినీ తేదీలకు కట్టి నడిపించేది ప్రొడ్యూసర్లు. ఆడుకుంటూ జీతం తీసుకుంటారని బయటివాళ్ళు అనుకునేది టెస్టర్లను చూసి. నిజానికి టెస్టర్ ఒక గదిలోని ప్రతి గోడకూ పాత్రను ఢీకొట్టించి, ఎక్కడైనా గోడలోంచి అవతలికి జారిపోతుందేమో చూస్తాడు. అదే తలుపును వందసార్లు తీసి మూస్తాడు. తప్పు దొరికితే అది మళ్ళీ ఎలా వస్తుందో వరసగా రాసిపెడతాడు. ప్రోగ్రామర్ సరిచేశాక మొదటి నుంచీ మళ్ళీ పరీక్షిస్తాడు. సగం కట్టిన గేమ్‌ను నెలల తరబడి ఇలా తడుముతూ ఉండటం ఓపిక, సూక్ష్మదృష్టి కావలసిన పని. చాలా కంపెనీల్లో అందరికన్నా తక్కువ జీతం, అందరికన్నా తక్కువ భద్రత ఉన్నది కూడా ఆ ఉద్యోగానికే.

ఈ పనిలో అసలు చిక్కు మరొకటుంది. బ్యాంకు సాఫ్ట్‌వేర్ ఏం చెయ్యాలో ముందే రాసుకోవచ్చు. వడ్డీ లెక్క సరిగా వస్తే పని పూర్తయినట్టే. గేమ్‌లో దూకడం, పరుగెత్తడం, కత్తి తిప్పడం అన్నీ తప్పు లేకుండా పనిచేసినా ఆడేవాడికి మజా రాకపోవచ్చు. మజా వచ్చిందా లేదా అన్నది తయారుచేసి, ఆడి చూస్తే తప్ప తెలియదు. అందుకే చేసింది తీసేసి మళ్ళీ చెయ్యడం ఇక్కడ పనిలో భాగం. ఆరు నెలలు కష్టపడి కట్టిన నగరాన్ని కథకు అడ్డమని పూర్తిగా కొట్టేయవచ్చు. దర్శకుడు ఒక ఆయుధం మార్చమంటే డిజైనరు లెక్కలు, యానిమేషన్, శబ్దం, టెస్టింగ్ అన్నీ మారతాయి. ఇంత అనిశ్చితి ఉన్న పనికి విడుదల తేదీ మాత్రం ముందే ఖరారవుతుంది. క్రిస్మస్ అమ్మకాలు, ప్రకటనలకు పెట్టిన ఖర్చు, వాటాదారులకు ఇచ్చిన మాట, పబ్లిషర్ విడతలవారీగా ఇచ్చే డబ్బు, ఇవన్నీ ఆ తేదీని పట్టుకుని ఉంటాయి. గేమ్ ఎప్పటికి తయారవుతుందో ఎవరూ చెప్పలేరు, తేదీ మాత్రం కదలదు. ఆ రెంటి మధ్య ఖాళీని పూడ్చడానికి కంపెనీకి తేలికగా దొరికేది ఉద్యోగి సాయంత్రాలు, ఆదివారాలు. పరిశ్రమలో దీన్నే క్రంచ్ అంటారు.

పాత అలవాటు

శ్రమను వాడుకుని మనిషిని మరుగున పెట్టడం ఈ పరిశ్రమకు పుట్టుకతోనే వచ్చింది. 1970ల చివర అమెరికాలో అటారీ కంపెనీ గేములు లక్షల్లో అమ్ముడవుతున్నా, వాటిని రాసిన ప్రోగ్రామర్ల పేర్లు ఎక్కడా వేసేది కాదు. వారెన్ రాబినెట్ అనే ప్రోగ్రామర్ తాను తయారుచేసిన ‘అడ్వెంచర్’ గేమ్‌లో ఒక రహస్య గది కట్టి, కంపెనీకి చెప్పకుండా అందులో తన పేరు రాసుకున్నాడు. గుర్తింపూ రాక, అమ్మకాలకు తగ్గ ప్రతిఫలమూ రాక అటారీ నుంచి నలుగురు ప్రోగ్రామర్లు బయటికొచ్చి 1979లో యాక్టివిజన్ స్థాపనలో భాగమయ్యారు. తయారుచేసినవారి పేరును బయటికి చెప్పుకోవడమే ఆ కొత్త కంపెనీ ప్రత్యేకత అయింది. ఆ కంపెనీయే పెరిగి పెద్దదై, 2018లో రికార్డు ఆదాయం వచ్చిందని 2019 ఫిబ్రవరిలో ప్రకటించిన రోజే దాదాపు 800 మందిని తీసేస్తున్నట్టు చెప్పింది.

క్రంచ్ గురించి బయటి ప్రపంచానికి గట్టిగా తెలిసింది 2004 నవంబరులో. ఎలక్ట్రానిక్ ఆర్ట్స్, అంటే ఈఏ, కంపెనీలో పనిచేస్తున్న ఒక ఉద్యోగికి కాబోయే భార్య పేరు చెప్పకుండా ఒక బహిరంగ లేఖ రాసింది. ఆమె ఎరిన్ హాఫ్‌మన్ అని తరువాత తెలిసింది. వారానికి ఏడు రోజులూ ఉదయం 9 నుంచి రాత్రి 10 దాకా పని, వారం మొత్తం మీద 85 గంటలు, దానికి ఓవర్‌టైమ్ లేదు, బదులు సెలవూ లేదు అన్నది ఆ లేఖ సారాంశం. ఆశ్చర్యం ఏమిటంటే, ప్రాజెక్టు వెనకబడింది కాబట్టి ఇలా జరగలేదు. గంటల పెంపు మొదటి నుంచీ ప్రణాళికలోనే ఉందని ఆమె ఆరోపణ. ఓవర్‌టైమ్ కోసం ఈఏ మీద పడిన సామూహిక దావాలు రాజీతో ముగిశాయి. ఆర్టిస్టులకు 1.56 కోట్ల డాలర్లు, ప్రోగ్రామర్లకు 1.49 కోట్ల డాలర్లు చెల్లించడానికి కంపెనీ ఒప్పుకుంది. చట్టం ముందు నిలబెట్టి లెక్క అడిగితే ఇష్టానికీ జీతానికీ మధ్య గీత స్పష్టంగానే కనిపించింది. అయినా 2010లో రాక్‌స్టార్ కంపెనీ శాన్‌డియాగో స్టూడియో ఉద్యోగుల భార్యలు అలాంటిదే మరో లేఖ రాయవలసి వచ్చింది.

అంత జరిగినా అలవాటు ఎందుకు పోలేదు? ఒక కారణం గిరాకీ. ఈ ఉద్యోగాలకు వచ్చేవారు ఎప్పుడూ ఎక్కువే. ఒకరు విసిగిపోయి వెళ్ళిపోతే, ఆ కుర్చీ కోసం పదిమంది ఫ్రెషర్లు సిద్ధంగా ఉంటారు. అదే నైపుణ్యం ఉన్న ప్రోగ్రామర్‌కు బయట సాఫ్ట్‌వేర్ కంపెనీలు ఎక్కువ ఇస్తాయని అందరికీ తెలిసినా ఇక్కడికి వస్తారు. రెండో కారణం తోటివారి మీద మమకారం. నేను ఆరింటికి వెళ్ళిపోతే నా పని పక్కవాడి మీద పడుతుంది అన్న భావం, ఏ మేనేజరూ నోరు తెరవకుండానే మనిషిని కుర్చీకి కట్టేస్తుంది. మూడోది క్రెడిట్స్. విడుదలకు ముందే ఉద్యోగం వదిలేసినవారి పేరు గేమ్ చివర వేయకపోవడం ఈ పరిశ్రమలో చాలాచోట్ల కనబడిన ఆచారం. ఆస్ట్రేలియాలో తయారై 2011లో విడుదలైన ‘ఎల్.ఏ. నోయిర్’ గేమ్ మీద పనిచేసి వెళ్ళిపోయిన వంద మందికి పైగా తమ పేర్లు లేవనో, సరిగా లేవనో ముందుకొచ్చారు. సినిమాలో పేరు పడటం ఎంత ముఖ్యమో తెలుగువారికి వేరే చెప్పనక్కర్లేదు. తరువాతి అవకాశం దాని మీదే ఆధారపడుతుంది. ఏళ్ళ తరబడి చేసిన పనికి ఆధారం లేకుండా పోతుందన్న భయంతోనే చాలామంది చివరిదాకా ఉండిపోతారు. ఇలా ఉండిపోవడాన్ని అంకితభావం అని పిలవడం న్యాయం కాదు.

ఎక్కువ గంటలు, తక్కువ పని

ఉద్యోగి కష్టం పక్కన పెట్టి, కేవలం యజమాని లాభం కోణంలో చూసినా క్రంచ్ నిలబడదు. ఇది కొత్తగా తెలిసిన సంగతీ కాదు. జర్మనీలోని యేనా నగరంలో జైస్ కటకాల కర్మాగారాన్ని నడిపిన ఎర్నస్ట్ అబ్బే 1900లో పనిదినాన్ని తొమ్మిది గంటల నుంచి ఎనిమిదికి తగ్గించి కొలిచి చూశాడు. ఉత్పత్తి తగ్గలేదు, కొద్దిగా పెరిగింది. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో బ్రిటన్ ఆయుధ కర్మాగారాల్లో పనిచేసినవారి లెక్కలను స్టాన్‌ఫర్డ్ ఆర్థికవేత్త జాన్ పెన్‌కవెల్ 2014లో తిరిగి పరిశీలించాడు. వారానికి 50 గంటలు దాటాక గంటకు వచ్చే ఉత్పత్తి పడిపోతూ వచ్చింది. 70 గంటలు పనిచేసినవారు తీసిన సరుకు, 56 గంటలు పనిచేసినవారు తీసినదానికన్నా ఏమంత ఎక్కువ లేదు. అంటే ఆ పైన 14 గంటలూ మనిషి అరిగిపోవడం తప్ప దక్కింది దాదాపు శూన్యం. అది చేతిపని, ఇది మెదడు పని కదా అనవచ్చు. నిద్ర లేని మెదడు చేతికన్నా ముందే తప్పుతుంది. కర్మాగారంలో అలసిన చేయి ఒక గుండును పాడుచేస్తే అది అక్కడికక్కడే కనిపిస్తుంది. రాత్రి రెండింటికి రాసిన కోడ్‌లోని తప్పు మూడు వారాల తరువాత వేరే చోట బయటపడి, ముగ్గురి పని ఆపుతుంది. గేమ్ తయారీదారుల మీదే 2014లో ‘గేమ్ అవుట్‌కమ్స్ ప్రాజెక్ట్’ పేరుతో ఒక సర్వే జరిగింది. దాదాపు 300 మంది ఇచ్చిన జవాబులను బట్టి, క్రంచ్ ఎక్కువగా చేసిన ప్రాజెక్టులు మిగతావాటికన్నా మెరుగ్గా కాదు, అధ్వానంగా ముగిశాయని తేలింది.

దీనికి ప్రపంచమంతా చూసిన ఉదాహరణ ‘సైబర్‌పంక్ 2077’. పోలండ్ కంపెనీ సీడీ ప్రాజెక్ట్ రెడ్ తన ఉద్యోగులను బలవంతంగా అదనపు పని చేయించబోమని 2019లో మాట ఇచ్చింది. 2020 సెప్టెంబరులో ఆ మాట తప్పి వారానికి ఆరు రోజుల పని తప్పనిసరి చేసింది. అదనపు గంటలకు అక్కడి చట్టం ప్రకారం డబ్బు ఇచ్చారన్నది నిజమే. తేదీ ఏప్రిల్ నుంచి సెప్టెంబరుకు, అక్కడి నుంచి నవంబరుకు, చివరికి డిసెంబరు 10కి జరిగింది. ఇంతా చేసి విడుదలైన గేమ్ పాత ప్లేస్టేషన్‌ల మీద ఆడలేనంతగా తప్పులతో నిండి ఉంది. వారం తిరిగేసరికే సోనీ దాన్ని తన ఆన్‌లైన్ స్టోర్ నుంచి తీసేసి, కొన్నవారికి డబ్బు వాపసు ఇస్తానంది. గేమ్ మళ్ళీ అక్కడ కనిపించింది 2021 జూన్‌లో. ఆటగాళ్ళు మనసారా మెచ్చుకునే స్థితికి అది చేరేసరికి 2023 సెప్టెంబరు వచ్చింది. ఆరో రోజు పని ఆ గేమ్‌ను కాపాడలేకపోయింది. కాపాడింది తరువాత ఇచ్చిన సమయమే.

ఎదురువాదనలు

దీనికి ఎదురుగా వినిపించే బలమైన వాదన ఒకటుంది. ప్రపంచం నెత్తిన పెట్టుకున్న గేముల్లో చాలావాటి వెనక క్రంచ్ ఉంది కదా? ‘రెడ్ డెడ్ రిడెంప్షన్ 2’ విడుదలకు ముందు, 2018 అక్టోబరులో, రాక్‌స్టార్ సహ వ్యవస్థాపకుడు డాన్ హౌసర్ తాము వారానికి 100 గంటలు పనిచేశామని చెప్పాడు. అది రచన చూసే నలుగురికీ, మూడు వారాలకే పరిమితమని తరువాత వివరణ ఇచ్చాడు. గేమ్ గొప్పది, అమ్మకాలూ గొప్పవి. కాబట్టి గొప్పతనానికి ఇది మూల్యమేమో అనిపించడం సహజం. కానీ ఈ లెక్కలో మనకు కనిపించేవి గెలిచినవి మాత్రమే. అంతే క్రంచ్ చేసి కూడా విఫలమైన గేములను ఎవరూ ఉదాహరణకు తీసుకోరు. బయోవేర్ తయారుచేసిన ‘ఆంథమ్’ అలాంటిదే. చివరి నెలల్లో అంతా ఎలాగో కలిసొస్తుందన్న నమ్మకంతో అక్కడ ఎలా నెట్టుకొచ్చారో 2019లో వచ్చిన పాత్రికేయ కథనాలు వివరంగా చెప్పాయి. గేమ్ విఫలమైంది. ఇంకోవైపు సూపర్‌జయంట్ అనే చిన్న స్టూడియో తన ఉద్యోగులు ఏడాదికి కనీసం 20 రోజులు సెలవు తీసుకుని తీరాలన్న నియమం పెట్టుకుంది. అక్కడి నుంచి 2020లో వచ్చిన ‘హేడీస్’ ఆ ఏటి అత్యుత్తమ గేముల్లో ఒకటిగా పేరు తెచ్చుకుంది. క్రంచ్‌తోనూ మంచి గేములు వచ్చాయి, అది లేకుండానూ వచ్చాయి. అలాంటప్పుడు గొప్పతనానికి కారణం క్రంచ్ అని చెప్పడం కుదరదు.

ఇక రెండో వాదన: ఎవరూ తలకు తుపాకి పెట్టలేదు, ఇష్టమైతేనే ఉంటారు, పైగా ఏ పనిలోనైనా ఒత్తిడి రోజులు ఉంటాయి. ఇందులో రెండో సగం నిజం. నాట్లప్పుడూ కోతలప్పుడూ రైతు కుటుంబం పొద్దు చూసుకోదు. కానీ కోత ఎప్పుడు మొదలవుతుందో ఎప్పుడు ముగుస్తుందో వారికి తెలుసు, ఆ తరువాత విరామం ఉంటుంది, ఇంటికొచ్చిన పంట వారిదవుతుంది. విడుదలకు ముందు రెండు మూడు వారాలు, ముందే చెప్పి, దానికి డబ్బో సెలవో ఇచ్చి చేయించుకుంటే ఎవరూ తప్పుపట్టరు. నెలలు గడిచినా ముగింపు కనపడని పనికీ, దాని ఫలం చేసినవారికి దక్కని పనికీ ఆ పోలిక చెల్లదు. పైగా ఇప్పుడు విడుదలతో పని ముగియదు కూడా. ఆన్‌లైన్‌లో నడిచే గేములకు వారం వారం కొత్త సరుకు ఇస్తూనే ఉండాలి. ‘ఫోర్ట్‌నైట్’ విజయం తరువాత దాని తయారీదారుల్లో కొందరు వారానికి 70 గంటలు పనిచేశారని 2019లో వార్తలొచ్చాయి. అంతటి విజయం కూడా వారికి విరామం తెచ్చివ్వలేదు. ఇష్టం మాటకొస్తే, కాదంటే అవకాశాలు పోతాయన్న చోట అవునన్న మాటను పూర్తి ఇష్టంగా లెక్కించలేం.

గెలిచినా నిలవని ఉద్యోగం

కష్టపడితే కనీసం ఉద్యోగమైనా నిలుస్తుందా అంటే, ఈ మధ్య చరిత్ర భరోసా ఇవ్వడం లేదు. 2018 సెప్టెంబరులో కాలిఫోర్నియాలోని టెల్‌టేల్ స్టూడియో దాదాపు 250 మందిని ఒక్క రోజులో, పరిహారం లేకుండా పంపేసింది. కోవిడ్ రోజుల్లో జనం ఇళ్ళలో కూర్చుని ఆడిన ఆటలు చూసి కంపెనీలు విరివిగా మనుషులను తీసుకున్నాయి. ఆ ఊపు తగ్గాక 2023లోనూ 2024లోనూ ప్రపంచవ్యాప్తంగా ఏటా పదివేల మందికి పైగా గేమ్ ఉద్యోగాలు పోయాయి. యాక్టివిజన్ బ్లిజార్డ్‌ను దాదాపు 6,900 కోట్ల డాలర్లకు కొనడం 2023 అక్టోబరులో పూర్తిచేసిన మైక్రోసాఫ్ట్, మూడు నెలలకే తన గేమ్ విభాగంలో 1,900 మందిని తీసేసింది. 2024 మేలో జపాన్‌లోని టాంగో గేమ్‌వర్క్స్‌ను మూసేస్తున్నట్టు ప్రకటించింది. అంతకుముందు ఏడాదే ఆ స్టూడియో ‘హై-ఫై రష్’ అనే గేమ్‌తో విమర్శకుల మెప్పు, అవార్డులు సంపాదించింది. మనకు బీజీఎంఐ అనే ఫోన్ గేమ్ ద్వారా తెలిసిన కొరియా కంపెనీ క్రాఫ్టన్ తరువాత ఆ స్టూడియోను తీసుకుని నిలబెట్టింది. ఇది గెలుపోటముల వ్యాపారం, తీసివేతలు తప్పవని అంటారు. ఓడిపోయిన ప్రాజెక్టు భారం ఎవరో ఒకరు మోయాల్సిందే, నిజం. మోసేది ఎవరన్నదే అసలు ప్రశ్న. వీ యూ గేమ్ యంత్రం అమ్మకాలు దెబ్బతిన్నప్పుడు నింటెండో అధ్యక్షుడు సతోరు ఇవాటా 2014లో తన జీతాన్ని ఐదు నెలలపాటు సగానికి తగ్గించుకున్నాడు. ఉద్యోగం ఎప్పుడు పోతుందోనన్న భయంతో పనిచేసేవారు జనాన్ని కదిలించే ఆటలు తయారుచేయలేరని అంతకుముందే వాటాదారులకు వివరించాడు. ఆ కంపెనీ 2017లో తెచ్చిన స్విచ్ యంత్రాలు 15 కోట్లకు పైగా అమ్ముడయ్యాయి. ఆ విజయానికి కారణం ఇదొక్కటే అనడం లేదు. కష్టకాలంలో నిలబెట్టుకున్న అనుభవం వృథా పోలేదని మాత్రం చెప్పవచ్చు.

మన దగ్గర

భారతదేశంలో ఈ పరిశ్రమ చాలావరకు విదేశీ గేములకు పనిచేసి పెట్టడంతో పెరిగింది. 1997లో బెంగళూరులో మొదలైన ధ్రువ ఇంటరాక్టివ్ ఇందుకు తొలి ఉదాహరణల్లో ఒకటి. దాన్ని 2019లో రాక్‌స్టార్ కొని తన బెంగళూరు స్టూడియోలో కలుపుకుంది. ఫ్రెంచ్ గేమ్ కంపెనీ యుబిసాఫ్ట్‌కు పుణె, ముంబైలలో, ఈఏకు హైదరాబాద్‌లో స్టూడియోలున్నాయి. హిట్‌వికెట్ క్రికెట్ గేమ్ తయారయ్యేదీ హైదరాబాద్‌లోనే. తెలంగాణ ప్రభుత్వం 2016లోనే గేమింగ్, యానిమేషన్ రంగాల కోసం ఇమేజ్ పేరుతో ఒక విధానం ప్రకటించింది. తెలుగు యువతకు ఈ దారి ఇంటి ముందుకే వచ్చింది. అయితే వేరేచోట తేల్చిన తేదీకి ఇక్కడ పనిచేసే చోట, నిర్ణయం మన చేతిలో ఉండదు. దర్శకుడు మనసు మార్చుకున్నది కెనడాలోని మాంట్రియల్‌లో అయితే, మళ్ళీ చేయవలసింది పుణెలో. గుర్తింపూ అంత తేలికగా దక్కదు. ‘ప్రిన్స్ ఆఫ్ పర్షియా: సాండ్స్ ఆఫ్ టైమ్’ పునర్నిర్మాణాన్ని 2020లో యుబిసాఫ్ట్ పుణె, ముంబై స్టూడియోలకు అప్పగించినట్టు ప్రకటించినప్పుడు ఇక్కడివారు ఎంతో గర్వపడ్డారు. 2022లో ఆ ప్రాజెక్టును మాంట్రియల్‌కు తీసుకెళ్ళారు. 2025 ఫిబ్రవరిలో విజువల్ ఎఫెక్ట్స్ సంస్థ టెక్నికలర్ కుప్పకూలినప్పుడు బెంగళూరు, ముంబైలలో వేలమంది ఆర్టిస్టులు ఉన్నపళంగా వీధిన పడ్డారు. వారి తప్పేమీ లేదు. మరోవైపు పుణెలోని చిన్న బృందం నాడింగ్ హెడ్స్ 2020లో తెచ్చిన ‘రాజీ’ మన పురాణాలు, మన శిల్పం ఆధారంగా సొంత గేమ్ తయారుచేయగలమని చూపింది. మనవారికి నైపుణ్యం తక్కువేమీ కాదు, బేరమాడే శక్తే తక్కువ.

ఉద్యోగమే దొరకని దేశంలో ఇన్ని షరతులా అని అడిగేవారు ఉంటారు. వారానికి 70 గంటలు పనిచేయాలని 2023లో ఇన్ఫోసిస్ నారాయణమూర్తి, 90 గంటలని 2025లో ఎల్ అండ్ టీ అధినేత సుబ్రహ్మణ్యన్ అన్న మాటలు దేశమంతా చర్చకు వచ్చాయి. ఆ మాటల వెనక దేశం ఎదగాలన్న కోరికే ఉండవచ్చు. కానీ 56 గంటల పని, 70 గంటల పని ఒకటేనని వందేళ్ళనాటి కర్మాగారపు లెక్కలే చెబుతుంటే, ఊహే పెట్టుబడి అయిన పరిశ్రమను గంటలు పెంచి గెలిపించలేం. 2025లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలు రోజు పనిగంటల పరిమితిని పదికి పెంచాయి. తెలంగాణ ఉత్తర్వులో వారానికి 48 గంటలు దాటితే ఓవర్‌టైమ్ చెల్లించాలన్న నిబంధన ఉంది. దాని స్ఫూర్తి గాజు గోడల ఆఫీసులకూ వర్తించాలి. నిరుద్యోగం ఉన్నచోట ఇద్దరి పని ఒకరితో చేయించడం ఆ సమస్యను ఇంకా పెంచుతుంది.

మార్పు రాదని నిరాశపడనక్కర్లేదు, వస్తోంది. అమెరికాలో ‘కాల్ ఆఫ్ డ్యూటీ’ మీద పనిచేసే రేవెన్ స్టూడియో టెస్టర్లు, తమలో కొందరిని తీసేయడంతో పని ఆపి, 2022 మేలో 19-3 ఓట్లతో సంఘం పెట్టుకున్నారు. మరుసటి ఏడాది మైక్రోసాఫ్ట్ చేతిలోని జెనిమాక్స్ సంస్థలో దాదాపు 300 మంది టెస్టర్లు అదే దారిలో నడిచి, 2025లో మైక్రోసాఫ్ట్‌తో తొలి ఒప్పందం సాధించారు. తమ అనుమతి లేకుండా తమ గొంతును, కదలికలను కృత్రిమ మేధకు వాడకూడదని గేముల్లో నటించే కళాకారులు 2024 జూలై నుంచి దాదాపు ఏడాదిపాటు సమ్మె చేసి రక్షణలు సంపాదించారు. వీళ్ళంతా తమ పనిని ప్రేమించేవారే. ప్రేమ ఉన్నంత మాత్రాన హక్కులు అడగకూడదని వారు అనుకోలేదు. ఈ రంగంలో చేరే మన పిల్లలు కూడా మొదటి ఇంటర్వ్యూలోనే కొన్ని ప్రశ్నలు అడగడం నేర్చుకోవాలి. గడచిన గేమ్ విడుదలకు ముందు వారానికి ఎన్ని గంటలు పనిచేశారు? అదనపు గంటలకు ఏమిస్తారు? నేను మధ్యలో వెళ్ళిపోతే క్రెడిట్స్‌లో పేరు ఉంటుందా? ఇది పర్మనెంట్ ఉద్యోగమా, ప్రాజెక్టు వరకేనా? ఈ ప్రశ్నలకు నొచ్చుకునే కంపెనీ తన జవాబును అప్పుడే చెప్పేసినట్టు.

ఆడేవారికీ ఇందులో పాత్ర ఉంది. విడుదల వాయిదా పడిందనగానే తయారీదారులను తిట్టిపోయడం ఆటగాళ్ళలో పెద్ద అలవాటు. ఆ కోపమే కంపెనీలు తేదీకి అతుక్కుపోవడానికి ఒక సాకు అవుతుంది. ప్రపంచమంతా ఎదురుచూస్తున్న ‘జీటీఏ 6’ను రాక్‌స్టార్ 2025 నుంచి 2026 మే 26కి, అక్కడి నుంచి నవంబరు 19కి వాయిదా వేసింది. దానికి కారణాలు ఎన్ని ఉన్నా, తేదీ కదలగలదని అంత పెద్ద కంపెనీయే ఒప్పుకుంది. ఆ గేమ్‌ను తయారుచేసేవారిలో బెంగళూరు స్టూడియో ఉద్యోగులూ ఉన్నారు. గేమ్ ఆలస్యమైతే ఆడేవాడికి పోయేది కొన్ని నెలల నిరీక్షణ. తేదీ కదలకపోతే తయారుచేసేవాడికి పోయేది నిద్ర, ఆరోగ్యం, పిల్లల బాల్యం. ఈ రెండూ సమానం కావు. అందుకని ఇకమీదట వాయిదా వార్త చదివినప్పుడు, ఆ నెలలు ఉద్యోగుల ఇళ్ళకు చేరుతున్నాయా లేక వారి మీద పడే మరికొన్ని గంటల పనిగా మారుతున్నాయా అని ఆటగాళ్ళే కంపెనీలను అడగాలి. కొనేవాడు అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పకుండా ఏ వ్యాపారమూ ఎక్కువ కాలం నడవదు.